పెన్ను దొరికే దాకా

లాగ్ బుక్కులో నాకిచ్చింది రోజుకో వరస.
టైము, పవరు, వోల్టేజీ, అంతరాయం, కారణం, సంతకం.
ఇరవైయారేళ్లు ఆ గళ్లలోనే మసిలాను.
గళ్లలో పట్టనివి కొన్ని మిగిలిపోయాయి.

మొదటిరోజు కేబులు గుంటలో పాము దూరింది.
కారణం గడిలో 'సాంకేతిక లోపం' అని రాశాను.
చంపావతి ఎఫ్.ఎం. అలా పుట్టింది,
విజయనగరం పొలిమేర గుట్ట మీద,
పదకొండు నిమిషాలు ఆలస్యంగా.

పొద్దున్న ఐదూ నలభైకి ఎత్తుకునేవాళ్లం.
ఆరింటికి జూటుమిల్లు కూత.
ఆలోగా వానా ఎండా, బస్సులు, వంకాయల ధర
అన్నీ చెప్పేయాలి.
కేరియరు మూత బిగించే చప్పుడుకి
మా ఆఖరి పాట సరిపోవాలి.
మా గడియారం ఢిల్లీది కాదు, మిల్లుది.

పిన్నింటి సన్యాసమ్మ గొంతు
కొత్త చాటలో నువ్వులు చెరిగినట్టుండేది.
వంగకి పుచ్చుమందు,
లీటరు నీళ్లకి రెండు గ్రాములు అని చెప్పి
ఆగేది.
"పెన్ను దొరికిందేటి? ఎతుక్కోండి, నానిక్కడే ఉంటాను."
ఆగేది.
చూరు కింద, గూట్లో, గుంటడి బడిసంచిలో
జిల్లా జిల్లా పెన్ను వెతికేది.
పదకొండు సెకన్లు. నేను లెక్కపెట్టేవాణ్ణి.
మీటరు సూది సున్నా మీద కునుకు తీసేది.
"రాసీసుకున్నారా? మరైతే ఇనండి."

గరివిడి నుంచి లెంక అప్పలసూరి
వారం వారం కార్డు రాసేవాడు.
ఒక్క పాటా అడగలేదు ఏనాడూ.
'మొన్న అమ్మగారు దగ్గినారు. మిరియాలు పంపుతున్నాను.'
కార్డుకి మిరియాలెలా అతుకుతాయి?
అతికాయి. అన్నం మెతుకులతో, ఆరు గింజలు.
రెండు పోస్టాఫీసు ముద్ర కింద నలిగాయి.

తర్వాత హైదరాబాదు నుంచి ఒకాయనొచ్చి
ల్యాప్‌టాపు తెరిచి
మా జిల్లాని వయసుల వారీగా కోసి చూపించాడు.
నలభై దాటినవాళ్లు ఏమీ కొనరట.
చంపావతి, 'చంపా హిట్స్' అయింది.
సన్యాసమ్మ, 'సాన్య' అయింది.
'ఏటి' అనకూడదు. 'ఇనండి' అనకూడదు.
పాట తగ్గుతుంటే నవ్వు పెరగాలి,
ఎందుకని అడక్కూడదు.
ఆవిడ మూడు వారాలు నవ్వింది.
నాలుగో వారం బొండపల్లి వెళ్లిపోయి కుట్టుమిషను పెట్టుకుంది.

తన కుర్చీలోకొచ్చిన హర్షిత మంచి పిల్లే,
రోజూ నాకు టీ పోసిచ్చేది.
నిమిషానికి రెండొందల మాటలు.
మధ్యలో ఊపిరి తీసిన చప్పుడుని
కంప్యూటర్లో కోసి పారేసేవాళ్లు.

ఆ ఏడే మిల్లు మూతపడింది.
గేటుకి నోటీసు, ఆరింటికి కూత లేదు.
అయినా ఐదూ నలభైకి రేడియో తిప్పినవాళ్లున్నారు.
డ్యూటీ పోయినా మెలకువ పోదు కదా.
వాళ్లకి మేం వినిపించింది
ఎక్కడిదో ఫ్లైఓవరు మీద ట్రాఫిక్కు.

మూడోసారి పేరే ఊడిపోయింది. నంబరు మిగిలింది.
ఎండాకాలం చంపావతిని చూసినవాణ్ణి,
ఆశ్చర్యపోలేదు.
హర్షితా వెళ్లిపోయింది.
తెల్లారింది మొదలు రిలే.
మనుషుల బదులు ఒక పెట్టె వచ్చింది,
సైలెన్సు డిటెక్టరు.
పది సెకన్లు చప్పుడు లేకపోతే
ఎర్రలైటు, కీచుమని అలారం,
తనంతట తానే ఏదో పాట ఎక్కించేస్తుంది.
పది.
సన్యాసమ్మకి ఒక్కటి తక్కువ.

నిన్న నా ఆఖరి రాత్రి డ్యూటీ.
రెండు దాటాక, ఎవరి కోసమని చెప్పను,
ఫేడరు కిందికి లాగాను.
సూది పడుకుంది.
గాజు అవతల ఖాళీ కుర్చీ.
ఒకటి. నాలుగు. ఏడు.
ఎక్కడో ఒక ఇంట్లో
ఎవరో చేత్తో గూడు తడుముతున్నట్టనిపించింది.
పది దగ్గర పెట్టె కీచుమంది.
పదకొండోది నాకు దక్కలేదు.

బుక్కు తెరిచాను.
అంతరాయం: పది సెకన్లు.
కారణం గడి రాద్దామంటే,
ఆ కాస్తలో పెన్ను ఎటో దొర్లిపోయింది.
టేబిలు కింద వెతుకుతున్నాను.
పైన పాట సాగిపోతూనే ఉంది,
నా కోసం ఆగేవాళ్లెవరూ లేరు.